కారు ప్రకటనలో ‘మీరు’ అంటే ఎవరు?

ప్రకటనల్ని మన విమర్శకులు ముట్టుకోరు. కవిత్వం మీద, కథ మీద, సినిమా మీద బోలెడు రాశాం. ఎవరి గొంతు వినబడింది, ఎవరి గొంతు నొక్కేశారు అని తేల్చుకున్నాం. కానీ పొద్దున్నే టీ బడ్డీ దగ్గర నలుగురు పంచుకుని చదివే పేపర్లో వార్త ఎంత వుంటుందో ప్రకటన కూడా దాదాపు అంతే వుంటుంది. చదువు రాని మనిషి కూడా దాని బొమ్మ చూస్తాడు. కథ అయితే చదివేవాడే చదువుతాడు, ప్రకటన మాత్రం అడక్కుండానే కళ్లలో పడుతుంది. దాన్ని వదిలేసి సంస్కృతిని విమర్శించామనుకోవడం సగం పనే.

ఈ వ్యాసం జిల్లా పేజీల్లో వచ్చిన కారు డీలర్ల ప్రకటనల గురించి. మరీ ముఖ్యంగా కృష్ణా జిల్లా పేజీల గురించి. అంటే నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట మామిడి తోటల ప్రాంతం చదివిన పేజీలు. (2022లో నూజివీడుని ఏలూరు జిల్లాలో కలిపారు. పాత పేజీల లెక్కలో అది కృష్ణాయే.) ఏ ఒక్క డీలరునో పట్టుకుని తప్పుపట్టడం ఇక్కడ పని కాదు. వందల ప్రకటనలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఆ అచ్చేమిటో చూడాలి.

జిల్లా పేజీ ఎలా పుట్టింది?

లోకల్ డీలరు ప్రకటన ఇవ్వాలంటే ముందు లోకల్ పేజీ వుండాలి. తెలుగు పత్రికలకి మొదట్లో అది లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికని వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. దాని వెనక అమృతాంజనం సొమ్ము వుంది. అమృతాంజనం ప్రకటన తెలుగు నేల మొత్తానికీ ఒకటే. తలనొప్పికి జిల్లా లేదు. ఆ రోజుల్లో మోటారు కార్లు అమ్మే కంపెనీలు మద్రాసులోనూ బొంబాయిలోనూ వుండేవి. కొనేవాళ్లు దొరలు, జమీందార్లు, పెద్ద వకీళ్లు. ఆ సరుకుకి తెలుగు పేపరు చదివే పల్లెటూరి వాడితో పనేముంది?

స్వాతంత్ర్యం తర్వాత బెజవాడ పత్రికల వూరయింది. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో అక్కడే మొదలయ్యాయి. ఈనాడు 1974లో విశాఖలో పుట్టి 1978కి విజయవాడ చేరింది. అయినా కారు ప్రకటనకి పెద్ద అవసరం రాలేదు. లైసెన్సుల రాజ్యంలో అంబాసిడరో ఫియట్టో కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి చూడాలి. సరుకు కోసం జనం క్యూ కడుతుంటే అమ్మేవాడు ప్రకటన ఎందుకిస్తాడు? 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కూడా కొన్నాళ్లు ఇదే తీరు. 1991 తర్వాత కొత్త కంపెనీలు, బ్యాంకు అప్పులు, పోటీ వచ్చాయి. అప్పుడు డీలరు మన గుమ్మం దాకా రావలసి వచ్చింది.

సరిగ్గా ఆ వేళకి పేజీ తయారుగా వుంది. 1989లో ఈనాడు జిల్లాకొక చిన్న సైజు అనుబంధం మొదలుపెట్టింది. మిగతా పత్రికలు ఆ దారే పట్టాయి. భారతీయ భాషా పత్రికల మీద పుస్తకం రాసిన రాబిన్ జెఫ్రీ ఈ సంగతి వివరంగా చెప్పాడు. రాష్ట్రం మొత్తానికి ప్రకటన ఇచ్చే స్తోమత లేని బట్టల కొట్టువాడు, నర్సింగుహోము డాక్టరు, ఎరువుల వ్యాపారి జిల్లా పేజీలో తక్కువ ఖర్చుతో ప్రకటన ఇవ్వగలిగారు. అంటే జిల్లా పేజీ వార్త కోసం ఎంత పుట్టిందో, లోకల్ వ్యాపారి డబ్బు కోసం కూడా అంత పుట్టింది. ఊరి వార్త మొదటిసారి పేపర్లోకి వచ్చింది, నిజమే. మన పేట బోరింగు చెడిపోయిందన్న వార్త కూడా వచ్చింది. దాన్ని తీసిపారేయనవసరం లేదు. కానీ ఆ వార్త కింద కూర్చున్న ప్రకటన ఎవరిది, పేజీ ఎవరి డబ్బుతో నడిచింది అన్నది కూడా అడగాలి.

అదే జెఫ్రీ, ప్రధాన దినపత్రికల్లో దళిత సంపాదకుడు గానీ దళితులు నడిపే దినపత్రిక గానీ తనకి కనబడలేదని రాశాడు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ పాత్రికేయుడు ఢిల్లీలో దళిత జర్నలిస్టు కోసం వెతికాడు. ఒక్కరూ దొరకలేదు. ఆ సంగతే ఆయన పయనీర్ పత్రికలో రాశాడు. వార్త రాసేవాడు మనవాడు కాదు, ప్రకటన ఇచ్చేవాడు మనవాడు కాదు. ఆ పేజీలో మనం వుండేది ఎక్కువగా చదివేవాళ్లుగానే, లేకపోతే శవాలుగా.

అచ్చు ఏమిటి?

షోరూం ప్రారంభోత్సవ ప్రకటన తీసుకుందాం. పైన దేవుడి బొమ్మ. దాని కింద ఆహ్వానం. మంత్రిగారో ఎమ్మెల్యేగారో జ్యోతి ప్రజ్వలన చేస్తారు. ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు అని మూడు వరసలు. కింద ప్రోప్రయిటర్ల పేర్లు. పక్క పేజీలో టైర్ల కొట్టువాళ్లు, ఫైనాన్సు వాళ్లు, బంధుమిత్రులు తెలిపే శుభాకాంక్షలు. ఈ పేర్లు వరసగా చదివితే చాలు, కులం వేరే చెప్పనక్కర్లేదు. పేరు చివర ‘చౌదరి’, ‘రాజు’, ‘రెడ్డి’, ‘గుప్త’ అని వుంటుంది. లేకపోతే ఇంటిపేరే చెబుతుంది. కారు అమ్మకానికి పిలిచే పేజీ నిజానికి ఒక పెళ్లి శుభలేఖ. వియ్యాలవారి జాబితా అందులో వుంటుంది.

ఇందులో ఆశ్చర్యం లేదు. కోస్తాలో పచ్చ విప్లవం మిగులు పొలంలో ఆగలేదని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. 1980ల్లో కెరల్ ఉపాధ్య చేసిన పని అందులో ముఖ్యమైంది. ధాన్యం డబ్బు సినిమాకీ, హోటలుకీ, చిట్‌ఫండుకీ, లారీకీ, పత్రికకీ పోయింది. భూమి ఎవరి చేతిలో వుందో ఆ కులాల చేతిలోకే ఇవీ వచ్చాయి. మోటారు డీలర్‌షిప్పు ఆ దారిలో ఒక మజిలీ.

నూజివీడు సంగతి కొంచెం వేరు. అది కృష్ణ డెల్టా కాలవల వరి నేల కాదు, మెట్ట. జమీందారీ నేల. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. పేరు పోలేదు, పరపతి పోలేదు. మేకా వారి కుటుంబం నుంచి అసెంబ్లీకి ఎన్నికవుతూనే వచ్చారు. ఈ నేలకి డబ్బు తెచ్చింది మామిడి. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ. తోట యజమాని పూత మీదో పిందె మీదో గుత్తకిచ్చేస్తాడు. ఆ తర్వాత మందు కొట్టేది, రాత్రింబగళ్లు గుడిసె వేసుకుని కాపలా కాసేది, చిక్కంతో కాయ దించేది, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దేది, లారీకెత్తేది కూలీలు. సొన పడి చేతులు పొక్కేది వాళ్లవే. పెట్టె మీద పడేది మాత్రం నూజివీడు పేరు, మార్కెట్లో వ్యాపారి పేరు.

ఉగాది అంటే ఇక్కడ పచ్చడిలోకి పిందె వచ్చే రోజు, సీజను ముందుకొస్తోందని తోటలు చెప్పే రోజు. కారు డీలరుకి అది ‘ఉగాది ఆఫరు’. దసరాకి ఒకటి, దీపావళికి ఒకటి, సంక్రాంతికి ఒకటి. త్వరపడండి, స్టాకు వున్నంత వరకే. సులభ వాయిదాలు. పాత బండికి మంచి రేటు. ఈ మాటలన్నీ అందరికీ నోటికొచ్చినవే. వీటి మధ్యలో ఇంకో రకం మాటలు వస్తాయి. హోదా, దర్జా, రాజసం, ఠీవి. ఇంజను గురించి చెప్పే మాటలు కావివి. బండి మైలేజీ ఇస్తుంది గానీ రాజసం ఇవ్వదు. రాజసం అంటే ఏమిటి? ఒకడు నడుస్తుంటే ఇంకొకడు పల్లకీలో పోవడం. చూసేవాడు లేకపోతే రాజసం లేదు, పక్కకి తప్పుకునేవాడు లేకపోతే దర్జా లేదు. ఆ తప్పుకునేవాడు ప్రకటనలో కనబడడు. కానీ వాడు లేకుండా ఆ మాటకి అర్థం రాదు. జమీందారీ రద్దయిన నేల మీద జమీందారీ మాటల్ని వాయిదాల పద్ధతిలో అమ్ముతున్నారన్నమాట.

‘మీరు’

ప్రకటన పాఠకుణ్ణి ‘మీరు’ అంటుంది. ‘మీ కుటుంబంతో రండి’, ‘మీ కలల కారు’, ‘మీ నమ్మకమే మా పెట్టుబడి’ అన్న ధోరణి. తెలుగులో ‘మీరు’ చిన్న మాట కాదు. కామందు ఇంట్లో ఆరేళ్ల పిల్లాడు అరవై ఏళ్ల పాలేరుని ‘ఏరా’ అని పిలిచిన నేల ఇది. ఆడమనిషైతే ‘ఒసే’. ‘మీరు’ కోసం మన తండ్రులు పోరాడారు. బళ్లో మేష్టరు ‘మీరు’ అంటే అది రాసిపెట్టుకునే రోజు. అలాంటి మాటని పేపరు ఉచితంగా పంచుతోంది. టీ బడ్డీ దగ్గర చదివే మాల కుర్రాడికీ మాదిగ కుర్రాడికీ కూడా అచ్చులో ‘మీరు’ అనే వుంటుంది.

కొందరు మిత్రులు దీన్నే చూపించి వాదిస్తారు. మార్కెట్టుకి కులం లేదు, రూపాయికి మైల లేదు, ప్రకటన అందర్నీ ఒకేలా పిలుస్తుంది అని. ఈ వాదనని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. చంద్రభాన్ ప్రసాద్, దేవేశ్ కపూర్ బృందం ఉత్తరప్రదేశ్‌లోని రెండు బ్లాకుల్లో దళిత కుటుంబాల మీద సర్వే చేసి 2010లో ప్రచురించింది. 1990కీ 2007కీ మధ్య దళితుల పెళ్లి ఊరేగింపులకి కారు పెట్టుకోవడం బాగా పెరిగిందని అందులో తేలింది. ఆస్తుల లెక్కలో ఇది చిన్నది. ఆత్మగౌరవం లెక్కలో చిన్నది కాదు. పల్లకీ ఎక్కనివ్వని వూళ్లో పెళ్లికొడుకు కారెక్కి వచ్చాడంటే ఆ ఒక్క పూట అద్దె వెనక ఒక చరిత్ర వుంది. మన పేటల్లో అప్పు చేసి బండి కొన్న కుర్రాణ్ణి ‘సోకు’ అని వెక్కిరించే అభ్యుదయవాదులు ఇది గుర్తుంచుకోవాలి.

అయితే ఈ వాదన ఆగే చోటు ఒకటుంది. అచ్చులో ‘మీరు’ అన్నంత మాత్రాన లోపల ‘మీరు’ అనరు. ‘సులభ వాయిదాలు’ అన్న మాట పక్కన చిన్న అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అని వుంటుంది. ఆ షరతులు ఏమిటి? పాసు పుస్తకం, ఆదాయపు పన్ను కాగితం, హామీ సంతకం. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు దేశ జనాభాలో 16.6 శాతం. 2010–11 వ్యవసాయ గణనలో వాళ్ల చేతుల్లో వున్న సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. భూమి లేనివాడికి పాసు పుస్తకం లేదు. హామీ సంతకం పెట్టేవాడు ఎవరు? మళ్లీ ఆ కామందే. కాబట్టి రూపాయికి మైల లేకపోవచ్చు గానీ అప్పుకి కులం వుంది. షరతు కులం పేరెత్తకుండానే కులం పని చేసిపెడుతుంది.

ట్రాక్టరు ప్రకటనలో ఇది ఇంకా బాహాటంగా వుంటుంది. అక్కడ ‘మీరు’ బదులు ‘రైతన్నా’ అంటారు. మెడలో తువ్వాలు, మీసం, స్టీరింగు మీద చెయ్యి. కానీ నాలుగెకరాలున్న ఆసామి ట్రాక్టరు కొన్నాక దాన్ని రోజంతా దున్నేది చాలాసార్లు జీతగాడు. నేలని దున్నేవాణ్ణి రైతు అనకుండా కూలీ అంటాం. గట్టు మీద నిలబడేవాణ్ణి రైతు అంటాం. ఈ అబద్ధం వ్యవసాయ శాఖ రికార్డుల్లో వుంది, వామపక్ష నినాదాల్లో వుంది, ట్రాక్టరు ప్రకటనలో కూడా వుంది.

స్టీరింగు మీద చెయ్యి ఎవరిది?

కారు ప్రకటనలో కారు వుంటుంది, కుటుంబం వుంటుంది, షోరూం అద్దాలు వుంటాయి. డ్రైవరు వుండడు. వాడు అదే పేపర్లో వేరే పేజీలో వుంటాడు, చిన్న అక్షరాల్లో: ‘డ్రైవరు కావలెను’. ఒక వరస, రెండు వరసలు. ఈ రెండు ప్రకటనల్నీ పక్కపక్కన పెట్టి చదవడం మన విమర్శలో మొదటి పాఠం కావాలి. ఒకటి బండికి యజమాని కావాలంటోంది, ఒకటి ఆ బండికి మనిషి కావాలంటోంది. ఒకదానికి పావు పేజీ. ఇంకోదానికి వేలెడు స్థలం.

వాహనం మీద కులం ఎలా కూర్చుంటుందో అంబేద్కర్ తన అనుభవాల్లో రెండుసార్లు చెప్పారు. 1901లో చిన్నపిల్లాడుగా తండ్రి దగ్గరికి కోరేగావ్ వెళుతూ మసూరు స్టేషన్లో దిగారు. పిల్లలు మహర్లని తెలిశాక బండివాడు ఎవరూ తోలనన్నాడు. చివరికి ఒకడు రెండింతల కిరాయికి ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే పిల్లలే బండి తోలుకోవాలి, తను పక్కన నడిచొస్తాడు. రెండోది 1929, చాలీస్‌గావ్. అప్పటికి ఆయన బారిష్టరు. టాంగావాడు టాంగా ఇస్తానన్నాడు గానీ తోలనన్నాడు. పేటవాళ్లలో టాంగా తోలడం రాని ఒకాయన పగ్గాలు పట్టాడు. కల్వర్టు దగ్గర టాంగా తిరగబడి అంబేద్కర్ కాలు విరిగింది.

ఈ రెంటిలోనూ బండి దొరికింది. డబ్బూ వుంది. రెండింతల డబ్బు వుంది. దొరకనిది ఏమిటి? దళితుణ్ణి కూచోబెట్టుకుని తోలే చెయ్యి. మార్కెట్టుకి కులం లేదనే మిత్రులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ప్రయాణం అంటే వస్తువు ఒక్కటే కాదు, ఒకరు ఇంకొకరికి సేవ చేయడం కూడా. కులం ఆ సేవ దగ్గర కాపు కాసింది. ప్రకటన డ్రైవరుని చెరిపేసినప్పుడు చెరిగిపోయేది ఆ సంబంధమే.

అంబాసిడరు కాలంలో యజమాని వెనక సీట్లో కూర్చునేవాడు. తోలడం నౌకరు పని. మారుతి వచ్చాక యజమాని ముందు సీట్లోకి వచ్చాడు. ప్రకటనలో భర్త స్టీరింగు పట్టాడు, పక్కన భార్య, వెనక ఇద్దరు పిల్లలు. నిన్నటిదాకా చిన్నపని అనుకున్నది ఇవాళ సరదా అయింది, స్వేచ్ఛ అయింది. పని మారలేదు, అదే చక్రం, అవే పెడళ్లు. చేసే మనిషి మారాడు. జీతానికి తోలితే డ్రైవరుగాడు, సొంతానికి తోలితే దర్జా. పనికి గౌరవం లేకపోవడం పని స్వభావం వల్ల కాదని, చేసే మనిషి కులం వల్లనేనని ఇంతకన్నా తేలిగ్గా రుజువు చేయలేం.

తెలుగువాళ్లకి బాగా గుర్తున్న బండి ఏ డీలరూ అమ్మింది కాదు. 1982లో ఎన్.టి. రామారావు పాత షెవర్లే వ్యానుని చైతన్యరథం చేసి రాష్ట్రమంతా తిరిగారు. ఆ వ్యానుకి వచ్చినంత పత్రికా ప్రచారం ఏ కారుకీ రాలేదు. దాన్ని నడిపింది ఆయన కొడుకు హరికృష్ణ. రథసారథి అని పేరొచ్చింది. తెలుగు పత్రికల్లో డ్రైవరుకి పేరు, ఫోటో దొరికిన అరుదైన సందర్భం అది. సారథి నాయకుడి కొడుకు కాబట్టి దొరికింది. అన్ని పార్టీల ప్రచార జీపుల్నీ అప్పుడూ తర్వాతా నడిపిన జీతగాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

ఆ ముందు సీటు కూడా మనకి అంత తేలిగ్గా దక్కలేదు. 2019లో కేంద్రం సడలించేదాకా రవాణా వాహనం తోలే లైసెన్సుకి 8వ తరగతి పాసై వుండాలన్న నిబంధన వుండేది. తోటల్లో కాపలాకి పోయే కుటుంబంతో పాటు బడి మానేసిన పిల్లాడికి స్టీరింగు రావచ్చు, కాగితం రాదు. యజమానిగా సొంత కారు తోలుకోవడానికి మాత్రం ఏ తరగతీ పాసవనక్కర్లేదు.

తోలు, కొబ్బరికాయ

కొంచెం ఖరీదైన కార్ల ప్రకటనల్లో ‘లెదర్ సీట్లు’ అని ఘనంగా వేస్తారు. మాదిగ గూడెంలో లంద దగ్గర తోలు ఊనేవాణ్ణి వాసన పేరు చెప్పి వూరి బయట పెట్టింది ఈ సమాజమే. చెప్పు కుట్టిన చెయ్యి గడప లోపలికి రాకూడదు. అదే తోలు కారులోకి వస్తే దాని వాసన కూడా ఐశ్వర్యమే. తెలుగులో ‘తోలు’ అంటే మైల, ‘లెదర్’ అంటే మర్యాద. మాటని అనువదించకపోవడంలోనే కులం దాగి వుంది. తోలు సీట్లు అని తెలుగులో రాసి అమ్మగల డీలరు వున్నాడా?

తర్వాత డెలివరీ ఫోటో. బంపరుకి పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు, పూజారి చేతిలో హారతి. ఫ్యాక్టరీలో ఆ బండిని ఏ ఏ కులాల చేతులు బిగించాయో ఎవరికీ తెలియదు. అదే యంత్రం గొప్పతనం. అన్ని చేతుల్నీ కలిపేస్తుంది. షోరూం గుమ్మంలో పూజ ఆ కలిపిన చేతుల్ని కడిగేసి, బండిని ఒక ఇంటికి, ఒక గోత్రానికి అప్పగిస్తుంది. వరకట్నంగా ఇచ్చే కారయితే సరేసరి. 1961 చట్టం కట్నాన్ని నిషేధించింది గానీ పూలదండ వేసిన కారుని పెళ్లిపందిరి ముందు నిలబెట్టడాన్ని ఆపలేకపోయింది. పేజీ తిప్పితే కులం పేరు పైన వేసి అచ్చేసిన వధూవరుల ప్రకటనలు. కారు ప్రకటన, పెళ్లి ప్రకటన ఒకే కుటుంబాన్ని పిలుస్తున్నాయి.

చట్టం ఏం చెబుతోంది?

రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాల్లోకి, హోటళ్లలోకి వెళ్లడానికి, బావులు, రోడ్లు వాడుకోవడానికి కులం అడ్డు రాకూడదంది. షోరూం కూడా దుకాణమే. రోడ్డు కోసం అంతకన్నా ముందే పోరాడాం. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభ జరిగింది. 1924లో మద్రాసు శాసనమండలిలో ఆర్. వీరయ్యన్ రోడ్లు, బావులు అంటరానివాళ్లకి తెరవాలని తీర్మానం పెట్టి నెగ్గించారు. రోడ్డు మీద నడిచే హక్కు కోసం తీర్మానం కావలసిన దేశంలో కారు ప్రకటన ‘రోడ్డు మీదే’ అంటే ఆ మాట ఎవరికి చెబుతున్నట్టు?

1989 సంవత్సరాన్ని మళ్లీ చూడాలి. జిల్లా పేజీలు మొదలైన ఏడాదే పార్లమెంటు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం చేసింది. దానికి ముందు 1985 జూలైలో కారంచేడు. తర్వాత 1991 ఆగస్టులో చుండూరు. రెండూ కోస్తా కాలవల కింది సంపన్న గ్రామాలు. షోరూములు వెతుక్కునే కొనుగోలుదార్ల నేల అదే. సంపద పెరిగితే కులం కరుగుతుందన్నవాళ్లకి ఆ రెండు వూళ్లే జవాబు.

2015లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు పార్లమెంటు కొత్త నేరాల్ని పేరుపేరునా రాయవలసి వచ్చింది. దళితులు సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా అడ్డుకోవడం, చెప్పులు, కొత్తబట్టలు వేసుకోకుండా అడ్డుకోవడం, పెళ్లి ఊరేగింపులో గుర్రం గానీ మరే వాహనం గానీ ఎక్కకుండా అడ్డుకోవడం నేరమని. 2016 జనవరి 26 నుంచి ఇది అమల్లో వుంది. చట్టం వూహించి రాయదు, జరుగుతున్నదాన్ని చూసి రాస్తుంది. ఒక పక్క ప్రకటనలు పాతికేళ్లుగా ‘రండి, ఎక్కండి’ అంటున్నాయి. ఇంకో పక్క ఎక్కినవాణ్ణి దించేవాళ్లని శిక్షించడానికి పార్లమెంటు క్లాజు రాసింది. కారు ప్రకటనని ఆ క్లాజు పక్కన పెట్టి చదవాలి. అప్పుడు గానీ ‘మీరు’ అన్న మాట కొలత తెలియదు.

మనవాళ్లకి మోటారు వాహనం రెండు ప్రకటనలేతర దారుల్లో వచ్చింది. ఒకటి, రిజర్వేషన్ తెచ్చిన తెల్ల అంబాసిడరు. దామోదరం సంజీవయ్య 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తర్వాత ఎందరో దళిత అధికారులు, శాసనసభ్యులు సర్కారు కారు వెనక సీట్లో కూర్చున్నారు. ఆ సీటుని ఏ డీలరూ అమ్మలేదు, రాజ్యాంగం ఇచ్చింది. పదవి దిగిన రోజున దిగవలసిన సీటు అది. రెండోది ఎస్సీ కార్పొరేషన్ తరహా పథకాలు. 2021లో తెలంగాణలో మొదలైన దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇచ్చినప్పుడు చాలామంది ఎంచుకున్నది వాహనాలే. కార్లు, ట్రాక్టర్లు, సరుకు బళ్లు. వెంటనే ‘వీళ్లకి కార్లెందుకు’ అన్న వెక్కిరింపు లేచింది. పథకంలో ఎంపిక పక్షపాతం గురించి, మార్కెట్టు తెలియకుండా అందరూ ఒకే బండి కొనడం గురించి అడగవలసిన ప్రశ్నలు వున్నాయి. 2023 చివర్లో ప్రభుత్వం మారాక అది ముందుకు సాగలేదు కూడా. కానీ ఆ వెక్కిరింపు పథకం మీద కాదు. డ్రైవరు యజమాని కావడం మీద. తను జీతానికి తోలిన చక్రాన్ని తన పేరు మీద రిజిస్టరు చేయించుకోవడం మీద. ప్రకటనలో డ్రైవరు ఎందుకు కనబడడో ఆ వెక్కిరింపు చెప్పేస్తుంది.

చేయవలసిన పని

ఇది ఆరంభం మాత్రమే. శాఖా గ్రంథాలయాల్లో, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత సంపుటాలు వున్నాయి. ప్రెస్ అకాడమీ పాత పత్రికలు కొన్నింటిని డిజిటల్ చేసింది. మన విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కో జిల్లా, ఒక్కో ఏడాది తీసుకోవచ్చు. ప్రారంభోత్సవ ప్రకటనల్లో పేర్లు లెక్కపెట్టాలి. ఆడవాళ్ల పేర్లు ఎన్ని, ఎక్కడ వచ్చాయో చూడాలి. ‘డ్రైవరు కావలెను’ ప్రకటనల్ని కత్తిరించి ఎదురుగా అంటించాలి. అదే రోజు జిల్లా పేజీలో దళితుల వార్త వుందా, వుంటే ఎన్ని వరసలు, ఏ ప్రకటన కింద అని రాసుకోవాలి. లైబ్రరీ పని అయ్యాక పేటకి వెళ్లి పాత డ్రైవర్లని అడగాలి. ఏ బండి తోలారు, ఎంత జీతం, యజమాని ఇంట్లో ఏ గ్లాసులో టీ ఇచ్చారు, బండిలో ఎక్కడ తిన్నారు, ఎక్కడ పడుకున్నారు. మెకానిక్ షెడ్లలో అడగాలి. తోటల్లో కాయ దించేవాళ్లని అడగాలి. పేపరు చెప్పనిది వాళ్లు చెబుతారు.

టీచర్లకి ఇంకో విన్నపం. తెలుగు పాఠంలో ప్రకటన రాయడం నేర్పుతారు కదా, చదవడం కూడా నేర్పండి. ఒక కారు ప్రకటన పిల్లల ముందు పెట్టి మూడే ప్రశ్నలు అడగండి. ఇందులో ఎవరి పేర్లున్నాయి? ఈ బండిని ఎవరు తోలతారు? ‘మీరు’ అంటే ఈ క్లాసులో ఎవరెవరు? మూడో ప్రశ్నకి ఏ పిల్లలు చెయ్యెత్తారో, ఏ పిల్లలు తల దించుకున్నారో చూసి రాసి పంపండి. ఆ కాగితాలన్నీ ఒక చోట చేరిస్తే మన జిల్లా గురించి ఏ పత్రికా అచ్చెయ్యని చరిత్ర అవుతుంది.